మన ఊరి కోడలు రుద్రమదేవి

రాజ్యమేలిన ఆడమనిషిని, ఎవరి భార్యో చెప్పకుండా మనం తలచుకోలేమా? ఏళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

ఈ రోజు నిడదవోలులో వక్తృత్వ పోటీకి నా విద్యార్థినిని తీసుకెళ్లాను. రుద్రమదేవి పాలన గురించీ యుద్ధాల గురించీ తడబడకుండా మాట్లాడింది. బహుమతి మాత్రం రాలేదు. కారణం ఏంటని న్యాయనిర్ణేత గారిని అడిగాను.

"బాగానే చెప్పిందండి. కానీ ఆవిడ భర్త మన నిడదవోలు రాజకుమారుడు కదా. మన ఊరి కోడలని ఒక్క ముక్కయినా అనలేదు."

"ఆవిడ్ని చేసుకోకపోతే ఆయన పేరు మనలో ఎవరికి తెలిసేదండి?"

"అదేంటమ్మా, గౌరవంగానే కదా అంటున్నాం" అని నవ్వారాయన. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల, "వచ్చేసారి కోడలని చెప్పేయనా మేడమ్? గెలుస్తాను" అంది.

మీరైతే ఏమంటారు? వద్దనాలో, సరేననాలో నేనింకా తేల్చుకోలేదు.