సూర్యుడి మీద వేసిన నెపం

మా మావయ్య వెంకటరత్నానికి మొగల్తూరులో ఇనప సామాన్ల కొట్టుంది. కొట్టు తెరవకముందు రోజూ మేడమీద గదిలో రేడియో ముందు కూర్చుంటాడు. పాటలు వినే రేడియో కాదు, లైసెన్సు తీసుకుని దూరదేశాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన రాగితీగే దానికి ఏరియల్. అత్తయ్య పోయాక ఆయన మనసారా మాట్లాడేది అక్కడే.

అవతలి మనిషి చంద్రరావు గారు. పుట్టింది కాకినాడ వైపు, స్థిరపడింది పోర్ట్ బ్లెయిర్‌లో. పాతికేళ్ల స్నేహం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఫోన్ నంబర్లు కూడా ఇచ్చుకోలేదు. “ఫోన్లో ఎవడైనా మాట్లాడతాడమ్మా. మాట సముద్రం దాటి రావాలి, దానికోసం మనం కాచుక్కూచోవాలి,” అనేవాడు మావయ్య. అన్నేళ్లయినా అండీ, గారూ వదల్లేదు ఇద్దరూ. ఇంతా చేసి మాట్లాడుకునేది పులస ధరా, మోకాళ్ల నొప్పులూ. ఆ భాగ్యానికి అంత తీగా అని నేను వేళాకోళం చేసేదాన్ని.

నేను నరసాపురంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. రెండువేల ఇరవైనాలుగు మే నెలలో సూర్యుడి నుంచి పెద్ద తుఫాను వచ్చి, లడఖ్‌లో రాత్రి ఆకాశం ఎర్రబడింది. ఆ మర్నాడు మావయ్య రేడియోలో హోరు తప్ప ఏమీ లేదు.

“ఏంటమ్మా హేమా ఇది?” అని ఫోన్ చేశాడు.

చెప్పాను. సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తూనే ఉంటుంది, విద్యుత్తు నిండిన రేణువుల గాలి. సూర్యుడు సద్దుమణిగిన ఏళ్లలో వేగమైన గాలి ధ్రువాల వైపు నుంచి పోతుంది, నడుమ నెమ్మదిగా వీస్తుంది. సుమారు పదకొండేళ్లకోసారి ఒంటినిండా మచ్చలు వేసి రేగిపోతాడు. అప్పుడు గాలికి ఒక పద్ధతంటూ ఉండదు. ఉండుండి పెద్ద పెద్ద ముద్దలుగా ఎగజిమ్మి మన మీద పడుతుంది. రేడియో మాటని కిందికి తిప్పి పంపే పొర పైన ఆకాశంలో ఉంటుంది, అది చెదిరిపోతుంది.

“అయితే సూర్యుడికీ పుష్కరాలేనన్నమాట. గోదారికి పన్నెండేళ్లు, ఆయనకి పదకొండు. రద్దీ తగ్గాక చంద్రరావు గారు దొరుకుతార్లే,” అన్నాడు.

వారం తిరక్కుండా రేడియో మామూలైంది. శ్రీలంక వినబడింది, జపాను వినబడింది. చంద్రరావు గారు మాత్రం పలకలేదు. ఆ దిక్కు దారి ఇంకా తెరుచుకోలేదన్నాడు మావయ్య.

నా నోరు ఊరుకుంటేనా! సూర్యుడు తగ్గుముఖం పట్టాక కూడా గాలి పీడ వదలదని చెప్పాను. వేగమైన గాలి వచ్చే కంతలు ధ్రువాల దగ్గర్నుంచి నడుముదాకా దిగుతాయి. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, ఇరవై ఏడు రోజులకోసారి అదే కంత మనకెదురొచ్చి అదే గాలి మళ్లీ కొడుతుంది. ఇంకేముంది, మావయ్యకి నెలనెలా ఒక సాకు దొరికింది. ఆ గాలికి దారి ఏళ్లతరబడి మూసుకుపోదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసనుకుంటాను.

రోజూ పొద్దున్నే మైకు పట్టుకుని “చంద్రరావు గారూ” అని మూడుసార్లు పిలిచేవాడు. పాడెని దారిలో దింపి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారే, దింపుడుకళ్లం ఆశ, అది గుర్తొచ్చేది నాకు. ఒకరోజు ఉండబట్టలేక, “నంబరు నేను కనుక్కుంటాను మావయ్యా, ఎంతసేపు పని!” అన్నాను.

“వద్దన్నానా!” అని కసిరాడు. ఆయన నన్ను కసరడం అదే మొదలు. నంబరు దొరికితే తిట్టుకోవడానికి సూర్యుడు కూడా మిగలడని నాకప్పుడు అర్థమైంది.

ఈమధ్య ఒక ఉదయం నేను అక్కడే ఉన్నాను. మావయ్య మూడుసార్లు పిలిచాడు. హోరులోంచి ఒక ఆడపిల్ల గొంతు పలికింది.

“పోర్ట్ బ్లెయిర్ నుంచి సాయిదుర్గనండి. కొత్తగా లైసెన్సొచ్చింది. మీ మాట పక్కింట్లోంచి వచ్చినట్టుందండి.”

మావయ్య మైకు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా, “చంద్రరావు గారు ఎలా ఉన్నారమ్మా?” అని అడిగాడు.

“మా వీధేనండి, ఆయన పోయారండి. రెండేళ్లు కావస్తోంది. మే నెల పదో తారీకు సాయంత్రం, గుండెపోటండి.”

సూర్యుడి తుఫాను భూమిని తాకింది ఆ రాత్రి. చంద్రరావు గారు పోయేసరికి అది ఇంకా దారిలోనే ఉంది.

మావయ్య ఆ పిల్లకి థాంక్స్ చెప్పి రేడియో కట్టేశాడు. “దారి బాగానే ఉందమ్మా. మనిషే లేడు,” అన్నాడు.

కిందికి దిగి నూతి దగ్గర కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. చావు కబురు విన్నవాళ్లు చేసే స్నానం అది. మేకులకోసం వచ్చిన బుల్లియ్య ఆ తడిబట్టలు చూసి, చేతిలో సంచీ కింద పెట్టేశాడు.

“ఎవరు పోయారండీ?” అన్నాడు.

“మా చంద్రరావు,” అన్నాడు మావయ్య.

గారు లేకుండా ఆ పేరు ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.