ఊహలో పెట్టిన చుక్క

ముందు నీళ్ల చప్పుడు వినిపించింది. రొయ్యల చెరువులో నీళ్లకు గాలి పట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి. ఎండ ఒక్కటే మిగిలింది. గట్టు మీది నుంచి ఒకామె ఫోను పట్టుకుని, నోట్‌బుక్‌తో నిలబడిన నా దగ్గరకు దిగివచ్చింది.

"మధ్యాహ్నం ఆపుతారండి. ఆ మోటార్ల రొద మా యాంటెన్నాలు కూడా పట్టేస్తాయి," అంది తిరుమల.

గుడివాడ దారిలో, ఆ చెరువు పక్కనే ఒక కాలేజీ పొలం. అందులో పదహారు యాంటెన్నాలు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను అవన్నీ కలిసి ఒకే పెద్ద చెవిలా వింటాయి. ఒక్కోటీ ఒక్కోలా తప్పు చెబుతుంది. అందుకే తిరుమల అరగంటకోసారి వాటిని ముందే తెలిసిన ఒక గెలాక్సీ వైపు తిప్పి, ఆ తప్పులు కొలిచి, దిద్ది, ఆకాశం బొమ్మ కడుతుంది. చేపల బజారులో వాళ్లమ్మ దానమ్మ కూడా, తట్ట బరువు చేపల లెక్కలో కలవకుండా, ముందు ఖాళీ తట్టనే తూచేది.

రెండేళ్లుగా బొమ్మలో ఒక మూల మసక చుక్క. ఏ పటంలోనూ లేనిది. దిద్దేకొద్దీ చిక్కబడింది. సోమవారం ఆమె ప్రొఫెసర్ జయకృష్ణ సారు దాన్ని తిరుమల పేరుతో పరిశోధన పత్రికకు పంపబోతున్నారు.

కానీ నిన్న ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. బొమ్మ ఎలా ఉంటుందో ముందు ఒక ఊహ ఇస్తే, కంప్యూటర్ ఆ ఊహకు తగ్గట్టే యాంటెన్నాలను దిద్దుతుంది. మొదటి వారంలోనే, ఆ మూల లీలగా ఏదో ఉన్నట్టనిపించి, ఆ ఊహలో ఆమె చుక్కను చేర్చింది. ఈ రోజు చుక్క తీసేసి, రెండేళ్ల డేటా మొత్తాన్నీ మొదటినుంచి దిద్దిస్తోంది.

దానమ్మ క్యారేజీ తెచ్చింది. "ఏమే, ఏమంటంది నీ చుక్క? రెండేళ్లలో పిల్లయితే పరిగెత్తేది."

"తూస్తన్నానమ్మా. కూర్చో."

తెర మీద బొమ్మ వరసలు వరసలుగా దిగింది. ఆ మూల ఒట్టి బూడిదరంగు. పక్కనా అంతే. తిరుమల ఆ మూలను పెద్దది చేసి చూసింది. ఫోను తీసింది.

"సార్, పంపకండి. అది నేను పెట్టిందే."

"ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే సార్."

తర్వాత క్యారేజీ విప్పి అన్నం కలుపుకుంది.

"మరి ఇన్నాళ్లూ చూసిందేంటే?" అంది దానమ్మ.

"తట్ట బరువమ్మా."

దానమ్మ కూర ఇంకొంచెం వేసింది. చెరువులో మోటార్లు మళ్లీ మొదలయ్యాయి. నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చిన తిరుమల నా నోట్‌బుక్ వైపు చూసింది.

"అది ఏ మూల ఉండేదో మాత్రం రాయకండి. చెప్పి చూపిస్తే, మీకూ కనబడుద్ది."