ఇటుకల పండుగ నాడు పెద్దకొండ ఎక్కాం

"ఇక మీరు కొండలు కూడా ఎక్కొచ్చు" అని డాక్టరు అన్న మరుసటి వారమే విశాఖ నుంచి అరకుకు రైలు టికెట్లు తీశాను. బైక్ మీంచి పడి మోకాలికి ఆపరేషన్ జరిగి ఏడాదైంది. ఏడాదంతా మా ఆయన రఘు నన్ను గాజుబొమ్మలా చూసుకున్నాడు. ప్రేమే, కాదనను. కానీ మూడు మెట్లు దిగినా చెయ్యి పట్టుకుంటుంటే విసుగొచ్చేసింది. నేను మళ్లీ మునుపటి మనిషినయ్యానని నాకు తెలియాలి, అంతకన్నా ముందు అతనికి తెలియాలి.

రాత్రి అరకులో ఉండి, తెల్లవారుజామున ఐదున్నరకు ఆటో ఎక్కాం. రానూపోనూ ఎనిమిది వందలు. సుంకరమెట్ట దాటాక మట్టిరోడ్డు చివర ఒక ఊరు, దాని వెనకే పెద్దకొండ. దారి చూపిస్తానన్న మనిషి ఇంట్లో లేడు. అతని భార్య చిలకమ్మ చేతికర్ర పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఇటుకల పండగ కదమ్మా, మా మొగోలంతా ఏటకెలిపోనారు. నానొత్తాను, పదండి." ఇటుకల పండుగంటే ఇక్కడి గిరిజనులు చైత్రంలో చేసుకునే వేట పండుగట.

ఆమె ఇచ్చిన రాగి అంబలి తాగి, దారి చూపినందుకు ఐదు వందలు మాట్లాడుకుని, ఆరున్నరకు నడక మొదలుపెట్టాం. చైత్రమాసం, కాఫీ తోటలు తెల్లగా పూసి ఉన్నాయి. దారంతా మల్లెల వాసనే. నాకైతే పరుగెత్తాలనిపించింది! రఘు మాత్రం ఎక్కడ పడిపోతానో అని చేతులు చాచుకుని నా వెనకే వచ్చాడు. తొమ్మిదికల్లా నిటారుగా ఉన్న బండ దగ్గరకు చేరాం. ఇంకో అరగంటే అంది చిలకమ్మ.

"ఇక చాలు, దిగిపోదాం" అన్నాడు రఘు. ఎంత వాదించినా వినలేదు. అతని మొహం పాలిపోయి ఉంది. ఒళ్లు మండుతున్నా వెనక్కి తిరిగాను. కిందికి దిగేదాకా అతనితో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఊరి మొదట్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు గడ పెట్టి, పక్కనే వరుసకట్టి థింసా నాట్యం ఆడుతున్నారు. మగవాళ్లు వేటకు పోయిన ఈ రోజుల్లో వాళ్లు వచ్చేపోయేవాళ్లను ఆపి పండుగ డబ్బులు తీసుకుంటారు. రఘు నోటు తీసిచ్చాడు. ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ నోటు తీసుకుంది గానీ గడ ఎత్తలేదు.

"ఆడకుండా ఎలిపోతారేటి?"

"తను ఆడలేదండీ. మోకాలికి ఆపరేషన్ అయింది" అన్నాడు రఘు.

"ఆపరేసనా? మరి కొండ మీంచి ఎగిరొచ్చిందేటి?"

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే థింసా వరుసలో దూరి, అటూ ఇటూ ఉన్నవాళ్ల నడుముల చుట్టూ చేతులు వేశాను. ముందుకు రెండడుగులు, ఒక వంపు, మళ్లీ వెనక్కి. ఇరవై నిమిషాలు ఆడినా మోకాలు కిక్కురుమనలేదు. బయటికొచ్చేసరికి రఘు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఆ రోజు బండి నడిపింది నేనే కదా" అన్నాడు. ఏడాదిలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. "మోకాలు నాది, భయం నీది. నాది నయమైంది. పద, పైకి" అన్నాను.

"మల్లీ ఎక్కుతారేటి?" అని చిలకమ్మ నోరెళ్లబెట్టింది. అయినా మా సీసాల్లో నీళ్లు నింపి ముందు నడిచింది. రెండున్నరకు శిఖరం మీదున్నాం. కింద లోయంతా మాదే అన్నంత సంబరంగా నేను కేకలు పెడుతుంటే, రఘు బండ మీద వెల్లకిలా పడి తన మోకాళ్లు పట్టుకుని మూలిగాడు.

ఆ రోజు పడింది ఇద్దరమని, కుట్లు మాత్రం నాకొక్కదానికే పడ్డాయని ఆ కొండ మీద అర్థమైంది. ముందే అడిగి ఉంటే బాగుండేది. మీరూ చైత్రంలో వెళ్తుంటే ఒకటే సలహా: ఆరున్నర దాటకుండా నడక మొదలుపెట్టండి. కొండ రెండుసార్లు ఎక్కాల్సి రావచ్చు.