సరోజిని తీయనన్న పన్నెండు లైన్లు

సరోజిని మొండిది. కరీంనగర్ నుంచి విదేశంలో చదువుకోవడానికి వచ్చి, రిక్కార్టన్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఐదుగురితో ఇరుక్కుని కోర్సు పూర్తిచేసి, ఆక్లండ్ చేరి, న్యూ లిన్‌లో విజయకుమార్ కంపెనీలో ప్రోగ్రామర్‌గా కుదురుకుంది. తొంభై రోజుల ట్రయల్, ఆలోపు నచ్చకపోతే కారణం చెప్పకుండానే పంపేయొచ్చు. ఎనభై రోజులు నోరు మూసుకునే ఉంది, పాపం. ఎనభై ఒకటో రోజు మాత్రం ఆమె వల్ల కాలేదు.

విజయకుమార్ పదిహేనేళ్ల కిందట సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్‌ను నీళ్ల పరీక్షలు చేసే ల్యాబుల్లో వాడతారు. రిజల్టు పంపాలంటే ఆ ఫైలు ఎక్కడుందో డ్రైవు, ఫోల్డరు, నెల, తేదీతో సహా చేత్తో టైపు చేయాలి. ఒక్క అంకె తప్పిందా, అంతే సంగతులు! హాబ్సన్‌విల్ ల్యాబులో పనిచేసే ఇందిరాదేవి ఆంటీకి అదే జరిగింది. ఆరో నెల కొట్టాల్సిన చోట ఐదు కొట్టింది. ఒక బడికి పాత రిజల్టు వెళ్లిపోయింది.

"ఆపరేటర్ తప్పు అని రిపోర్ట్ రాసి పంపు," అన్నాడు విజయకుమార్. "ఆంటీకి కంప్యూటర్ రాదు. మనమేం చేస్తం?"

అలా రాస్తే ల్యాబువాళ్లు ఆంటీని సీసాలు కడిగే పనికి మారుస్తారు. వరంగల్‌లో ఇరవై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషి! సరోజిని ఫోన్ చేస్తే ఆమె ఏడవలేదు. "రోజుకు ముప్పైసార్లు కొడుతున్న బిడ్డా. ఒక్కసారి తప్పిన," అంది.

సరోజినికి ఒళ్లు మండింది. కోడ్ తెరిచి, టైపు చేసే బాక్సు పక్కన 'బ్రౌజ్' బటన్ పెట్టింది. నొక్కితే ఫైలు ఎంచుకునే విండో వస్తుంది, అదీ నేరుగా ఇవాళ్టి ఫోల్డరులోనే. రిజల్టు ఫైళ్లు తప్ప ఇంకేవీ కనబడవు. మొదట 'క్యాన్సిల్' నొక్కితే ప్రోగ్రాం మొత్తం ఆగిపోయింది. ఏ ఫైలూ ఎంచుకోకపోతే ఏం చేయాలో రాయడమే మరిచింది మరి! తనను తాను తిట్టుకుని అదీ సరిచేసింది. అంతా కలిపి పన్నెండు లైన్లు. పదిహేనేళ్లుగా ఈయనగారికి తీరిక దొరకని పన్నెండు లైన్లు!

రిపోర్టులో "తప్పు మా సాఫ్ట్‌వేర్‌ది, సరిచేశాం" అని రాసి ఆయన ముందు పెట్టింది.

"ఆ లైన్లు తీసెయ్. రిపోర్ట్ మార్చు. లేకపోతే సోమవారం నుంచి రాకు."

"తియ్య సార్. ఆంటీ మీద రాయ. కావాలంటే మీరే తీస్కోండి."

విజయకుమార్ విసురుగా కుర్చీ లాక్కున్నాడు. ఆమె కోడ్ ఉన్న ఫైలు కోసం మెనూలో 'ఓపెన్' నొక్కాడు. విండో వచ్చింది. మౌస్‌తో ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ పోతున్నాడు.

"ఆగండి సార్," అంది సరోజిని. "మౌస్ ఎందుకు? ఆంటీలెక్క ఫైలు ఎక్కడుందో మొత్తం టైప్ చెయ్యండి."

పంతానికి పోయి టైపు చేశాడు. ఫైలు దొరకలేదంది కంప్యూటర్. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట.

"రెండుసార్లు తప్పిన్రు సార్. ఆంటీ ఒక్కసారే."

విజయకుమార్ ఆమె ముఖం చూడలేదు. రిపోర్టు లాక్కుని, ఆమె రాసిన మాటల కింద సంతకం పెట్టాడు.