పైట మారిన ఫొటో

2018 ఆగస్టు 19, ఆదివారం. నరసరావుపేటలో నిండు సభలో ఒక పెద్దమనిషికి కప్పిన శాలువాను తీయించి తన భుజాల మీదికి తెప్పించుకున్నది ఇంద్రజ. పెదకూరపాడు పక్క పల్లె పిల్ల, అప్పటికి ఇరవై రెండేళ్లు. ఈనాడు ఢిల్లీలో ఆమె ఫొటోల ముందు జనం గుమిగూడుతున్నారంటే మొదటి మెట్టు ఆ శాలువాయే. అదేం ఊరికే రాలేదు.

ఆ పెద్దమనిషి సాంబశివరావు. పేటలో ముప్పై ఏళ్ల నుంచి ఫొటో స్టూడియో. డిగ్రీ కాగానే ఇంద్రజ ఆయన దగ్గర పనికి చేరింది. పెళ్లిళ్లకు కెమెరా పట్టేది, ఆల్బమ్‌లు కూర్చేది. సెలవు రోజున మాత్రం స్టూడియో కెమెరా అడిగి తీసుకుని అచ్చంపేట బస్సెక్కేది. అక్కడి మిరప చేలల్లో మొదటి రెండు వారాలూ కెమెరా సంచిలోంచి తీయనే లేదు. కూలీలతో కలిసి కాయ కోసింది. ఘాటుకు తుమ్మింది, చేతులు మండి గగ్గోలు పెట్టింది, వాళ్లచేత నవ్వించుకుంది. మూడో వారానికి ఆ ఆడవాళ్లు ఆమె ఉన్న సంగతే మరిచి పనిలో పడ్డారు. అప్పుడు తీసింది ఫొటోలు.

ఆమెకొక నియమం ఉంది. ఫొటోలో ఉన్న మనిషి చేతికి ఆ ఫొటో చేరాలి. వెనకాల పేరు, ఊరు, తేదీ రాసి, కింద సంతకం పెట్టి, తనే వెళ్లి ఇచ్చేది.

సాంబశివరావు ఎగతాళి చేసేవాడు. “ఏమే, కూలోళ్లకు కాపీలెందుకే? ఇదేమన్నా పెళ్లి ఆల్బమా?”

“వాళ్ల మొకాలు వాళ్లకియ్యకుండా నేనెట్టా ఉంచుకునేది సార్?”

“చానా చదివావులే!”

ఆ ఆగస్టులో ఒక పొద్దున బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చూసి ఇంద్రజ ఆగింది. సాంబశివరావు నవ్వు మొహం, ఉత్తమ ఛాయాచిత్రానికి బహుమతి అని అక్షరాలు, పక్కన తన ఫొటో. దోసిట పండు మిరపకాయలతో సూటిగా చూస్తున్న అచ్చంపేట కూలీ శేషారత్నం. కాకపోతే బొమ్మ అద్దంలో చూసినట్టు అటుది ఇటు తిరిగి ఉంది. దొంగిలించిన గొడ్డుకు కొమ్ములు చెక్కినట్టు, గుర్తు పట్టకుండా కంప్యూటర్లో తిప్పేశాడు.

తిన్నగా స్టూడియోకి వెళ్లి అడిగింది.

“కెమెరా నాది, కంప్యూటర్ నాది. నీదేందే ఇందులో?” అన్నాడు.

“కన్ను నాది సార్.”

“కన్నుకు రసీదుందా?”

  ఆ పూటే పని మానేసి అచ్చంపేట బస్సెక్కింది. ఈయన్ను పట్టిచ్చేది పోలీసులకు కాదు, శేషారత్నం పెద్దమ్మకు అనుకుంది.

ఆదివారం బహుమతి సభకు రెండు ఆటోల్లో పదమూడు మంది ఆడవాళ్లు దిగారు. అందరి చేతుల్లోనూ సంచులే. వెనక వరసలో కూర్చున్నారు. శాలువా కప్పించుకుని, వేదిక మీద పెద్దదిగా కట్టిన ఆ ఫొటో ముందు సాంబశివరావు మైకు అందుకున్నాడు. “ఆ తల్లి కష్టం చూసి నా కళ్లు చెమర్చాయి. అలాగే చేనుగట్టు మీద నిలబడి...”

“ఎప్పుడు నిలబడ్డావయ్యా?” శేషారత్నం లేచింది. “ఆ తల్లిని నేనే. నిన్ను చూడటం ఇదే మొదలు!”

సభ గొల్లుమంది. ఆయన తొణకలేదు. “వేల మందిని తీస్తామమ్మా, మీకు గుర్తుండకపోవచ్చు.”

“నాకు గుర్తు లేకపోతే పాయె. నా పైట కుడి బుజం మీదికి ఎవురు మార్చారయ్యా? పుట్టి బుద్ధెరిగినాక నేనట్టా ఏసుకోలా. నన్ను మార్వాడీ సేటమ్మను చేశావేంది? ముక్కుపుడక కూడా అవతలి పక్కకు దూకింది, చూడండి!”

ముప్పై ఏళ్లు పెళ్లికూతుళ్ల పైటలు సరిదిద్ది ఫొటోలు తీసిన మనిషి. కూలిమనిషి పైట ఎటుందో చూడలేదు. అక్కడ దొరికాడు.

పదమూడు సంచుల్లోంచి పదమూడు ఫొటోలు బయటికొచ్చాయి. న్యాయనిర్ణేతగా వచ్చిన డ్రాయింగు మాస్టారు రామబ్రహ్మం వేదిక దిగి, శేషారత్నం ఫొటోను ఆమె మొహం పక్కన పెట్టి చూశాడు. పైట ఎడమకే ఉంది, పుడక ఉండాల్సిన చోటే ఉంది. వెనక్కి తిప్పి పైకి చదివాడు. “శేషారత్నం, అచ్చంపేట, 2018 మార్చి 4. ఇంద్రజ.”

“ఇదిగో సార్, కన్నుకు రసీదు,” అంది ఇంద్రజ. శాలువా చేతులు మారింది.

వారం తిరక్కుండా సాంబశివరావు ఆమె ఇంటికొచ్చాడు. “పొరపాటున పేరు మారిందని ఒక్క ముక్క చెప్పు తల్లీ. ముప్పై ఏళ్ల పరువు.” ఇంద్రజ అరువు తెచ్చుకున్న కెమెరా ఎత్తి, చేతులు జోడించిన ఆ మనిషిని ఒకటి తీసింది. మర్నాడు కాపీ కడిగించి, వెనకాల పేరు, ఊరు, తేదీ రాసి స్టూడియో బల్ల మీద పెట్టి వచ్చింది.

అక్కణ్ణుంచి ఆమె వెనక్కి చూడలేదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల మీద రెండేళ్లు పని చేసింది. మాచర్ల నాపరాళ్ల గనుల ఫొటోలు హైదరాబాదులో ప్రదర్శనకెక్కాయి. మిరప కూలీల ఫొటోలు పుస్తకంగా వచ్చాయి. దాన్ని ఆవిష్కరించింది శేషారత్నమే. ఢిల్లీలో రెండుసార్లు బహుమతి. మన పల్నాట్లో కెమెరా పట్టి అంత దూరం వెళ్లిన ఆడపిల్ల పేరు ఇంకొకటి చెప్పండి చూద్దాం.

ఎంత దూరం వెళ్లినా ఏటా ఆగస్టు 19న పేటకు వస్తుంది. పొద్దున పది గంటలకు రోడ్డుకు అవతల, ఎప్పుడూ నిలబడే కరెంటు స్తంభం పక్కనే నిలబడి ఆ స్టూడియోను ఒక ఫొటో తీస్తుంది. ఒక ఏడు బోర్డు మీద బహుమతి గ్రహీత అన్న మాట మీద సున్నం. ఇంకో ఏడు మూసిన షట్టరు. ఆ తర్వాత జిరాక్సు మిషను, నిరుడు సగం గదిలో సెల్‌ఫోన్ రిపేరు. మరునాడు కాపీ తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెడుతుంది. ఆయన తల వంచుకుని అందుకుంటాడు. అలా ఏడు కాపీలు చేరాయి.

“చాల్లేవే, ముసలోడయ్యాడు. వదిలెయ్,” అంది శేషారత్నం నిరుడు.

“నేను పట్టుకుంటే కదా పెద్దమ్మా వదలడానికి? ఆయన నా ఫొటోలో ఉన్నాడు. కాపీ ఇవ్వాలిగా?”

ఇప్పుడు ఇంద్రజ ఒడిశాలో, చిలికా సరస్సు జాలర్ల పడవల్లో ఉంది. ఎనిమిదో కాపీ బాకీ ఉందని పేటలో అందరికీ తెలుసు, అందరికంటే సాంబశివరావుకు బాగా తెలుసు. ఆమె వచ్చేది 2026 ఆగస్టు 19, బుధవారం.