రెండో హియ్యా

మొన్న పెందుర్తిలో కంటి ఆసుపత్రి వరండాలో అమ్మకు చుక్కల మందు వేసి కూర్చున్నాను. లోపలి నుంచి నర్సు "అప్పలరాజు" అని కేకేసింది. ముగ్గురు లేచారు. ఆవిడ విసుక్కుంటూ ఇంటిపేర్లు వెతుక్కుంటుంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. శామ్యూల్ మాస్టారు గుర్తొచ్చారు.

మాస్టారు ఫిషింగ్ హార్బర్ పక్క పేటలో పుట్టి, బైబిలు పాఠశాలలో సంఘ చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. నేను అప్పట్లో ఒక చిన్న ప్రెస్సులో కంప్యూటర్ మీద టైపు చేసేదాన్ని. ఒకరోజు అట్టపెట్టె నిండా కార్డులు పట్టుకుని వచ్చారు. తల్మూదు కాలపు రబ్బీలు, అంటే పదిహేను వందల ఏళ్లకు పైమాటే, యూదుల ధర్మాన్ని వాదించి వాదించి తేల్చిన గురువులు. వాళ్లలో ఒకే పేరున్నవాళ్లను ఒకరి నుంచి ఒకరిని విడదీసి చూపించే పుస్తకం రాశారాయన. గమలీయేలులే ఆరుగురు. ఎలియాజరులకు అంతూ పొంతూ లేదు. ఇదెవరు చదువుతారండీ అని మొహం మీదే అడిగేశాను. నా నోటికి అప్పట్లో అదుపు లేదు.

"సదవకపోతే మానెయ్యనీ తల్లీ. ఆళ్లు మాత్రం ఎవుడికాడు ఉండాల" అన్నారు.

షుగరుతో ఆయన చూపు నెలనెలకూ తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోగా పుస్తకం చేతిలోకి రావాలి, అదొక్కటే ఆయన తాపత్రయం. రోజూ పొద్దున్నే వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేవారు. నేను కార్డు పైకి చదవాలి: మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, గురువు. ఏ ఒక్కటి దాటేసినా చెయ్యెత్తి ఆపేవారు. ఒకసారి చిరాకొచ్చి, పేరు చెబితే సరిపోదా మాస్టారూ అన్నాను.

"మా బాబు పేరు అప్పలరాజు. ఒకే బోటు మీద ఇద్దరప్పలరాజులు ఎల్లినారు. బోటు తిరగబడిపోనాది. అప్పలరాజు బతికొచ్చీసినాడని కబురొచ్చింది. మాయమ్మ అన్నం వండీసి గుమ్మంలో కూకుంది. వొచ్చినోడు మా బాబు కాదు." కండువాతో మొహం తుడుచుకున్నారు. "అప్పటికింకా శామ్యూలుని కాలేదు నాను. సిన్నోడిని. సదువు, తరవాత కార్డేటి?"

ఆ రోజు నుంచి నేను ఎదురు మాట్లాడలేదు. భక్తి కుదిరిందనే చెప్పాలి. ఆ భక్తే కొంప ముంచింది.

చివరి వారాల్లో ఆయన రాలేకపోయారు. మిగిలిన కార్డులు నేనే సరిచూస్తున్నాను. హియ్యా అనే పేరుతో రెండు కార్డులున్నాయి. ఇద్దరికీ తండ్రి పేరు అబ్బా. ఇద్దరూ బబులోను నుంచి వచ్చినవాళ్లే. గురువు పేర్లు వేరుగా ఉన్నా, పాపం, చూపు ఆనక ఒకే మనిషిని రెండుసార్లు రాసుకున్నారు అనుకున్నాను. చెబితే నొచ్చుకుంటారని అడగలేదు. మొదటిది ఉంచి రెండోది తీసేశాను. మంచి పని చేశానని ఆ పూట సంతోషంగా కూడా ఉంది.

పుస్తకం వచ్చింది. తీసుకెళ్లేసరికి ఆయనకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. మంచం మీద లేచి కూర్చుని అట్టను తడిమారు.

"హియ్యాలు సదువు తల్లీ. ఆళ్లిద్దరితోటే నాను సానా తిప్పలు పడ్డాను. తండ్రి పేరు కూడా ఒకటే. తాతా మనవల వయసు తేడా ఉంటాది ఇద్దరికీ."

మొదటి హియ్యాను చదివాను. చదువు చెప్పే దిక్కులేని ఊళ్లో పిల్లల కోసం అవిసె గింజలు చల్లి, ఆ నారతో వలలు అల్లి, వలల్లో జింకల్ని పట్టి, ఆ తోళ్ల మీద పాఠాలు రాసిచ్చిన పెద్దాయన. మాస్టారు తల ఊపారు. "ఇప్పుడు రెండోడు."

రెండోవాడు పుస్తకంలో లేడు. కార్డులో చదివింది గుర్తు తెచ్చుకుని అప్పజెప్పాను: బీదవాడు, నెలకోసారి నేర్చిందంతా గురువు యోహానాను ముందు మొదటి నుంచీ వల్లించేవాడు.

"ఆడి పేరు మీద నా ఏలు ఎట్టు."

ఆ వేలు పట్టుకుని మొదటి హియ్యా పేరు మీద పెట్టాను. ఆయన ఆ అక్షరాలను మెల్లగా నిమిరి, "ఉన్నాడు" అన్నారు. ఆయన మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. బయటికొచ్చి బస్సు ఎక్కేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఒకప్పుడు వాళ్లమ్మకు వచ్చిన కబురే ఆ రోజు నేనాయనకు మోసుకెళ్లాను.

జాలి పేరుతో మనిషిని అడగకుండా నిర్ణయాలు చేయడం అప్పటితో మానేశాను. అమ్మ కంటి ఆపరేషన్ సంగతి కూడా ఆమెనే అడిగాను. కానీ అది మాస్టారికి పనికొచ్చే బుద్ధి కాదు. నిజం చెప్పి ఉంటే తిట్టేవారు, తిట్టి మళ్లీ రాయించేవారు. ఒక పేజీ టైపు చేసి అతికించడానికి నాకు అరగంట పట్టేది. మాస్టారు ఆ తర్వాత ఇరవై రోజులు బతికారు.