కాగితం మూల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం అది కోపం కాదు, భయం.

గుడియాత్తం బడిలో ఐదో తరగతికి కోణాలు చెబుతున్నాను. కోణమానిని చేతికిస్తే అరవైని నూట ఇరవై అని చదివే పిల్లలకి ముందు కాగితం మడతే నేర్పాలి. ఏ చిత్తుకాగితాన్నయినా ఒకసారి మడిచి, ఆ మడత అంచు దాని మీదికే వచ్చేలా మళ్లీ మడిస్తే మూల లంబకోణం అవుతుంది. అది పట్టుకుని లంబకోణాలు వెతకమని పిల్లల్ని బయటికి వదిలాను. కిటికీలు, బెంచీలు, దేన్నీ వదల్లేదు భడవలు.

బడి వెనకాల వంటగది కడుతున్నారు. కట్టే మేస్త్రీ నా క్లాసులో ఒక పిల్లకి నాన్న. అప్పటికి రెండు వరసల ఇటుకలు లేచాయి. పొద్దున్నే కంట్రాక్టరు అతన్ని అందరి ముందూ కేకలేశాడు.

"ఇంకొక తప్పు జరిగిందా, వేలూరు నుంచి వేరే ఆళ్లను దింపుతా. చూసుకో!"

ఆ మాట నేనూ విన్నాను.

మేస్త్రీ కూతురు కొత్త గోడ మూలలో కాగితం ఆనించి గట్టిగా అరిచింది. "టీచర్, ఇది లంబకోణం కాదు. సందు ఉండాది!"

కంట్రాక్టరు పక్కనే ఫోన్లో మాట్లాడుతున్నాడు. పరుగున వెళ్లి కాగితం లాక్కున్నాను. "మడత పెట్టడం చేతకాదు గానీ గోడకి వంకలు పెడతావా? లోపలికి పో!"

మడత సరిగ్గానే ఉంది. నాకు తెలుసు.

పిల్ల కళ్లనిండా నీళ్లు. "లేదు టీచర్, మళ్లా మడిచి చూపిస్తా" అంటూ ఇంకో కాగితం నా ముందే మడిచి పెట్టింది. అదే సందు. కంట్రాక్టరు ఫోను జేబులో వేసుకుని వచ్చాడు. "ఏమంటా ఉండాది పాప?"

"ఏమీ లేదండీ, ఆట" అన్నాను.

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. టేపు తీసి, మూల నుంచి కొలిచి, ఒక గోడ మీద మూడడుగుల దగ్గర, రెండో గోడ మీద నాలుగడుగుల దగ్గర గీతలు గీశాడు. మూల లంబకోణమైతే ఆ రెంటి మధ్య సరిగ్గా ఐదడుగులు రావాలి. రెండు వేళ్లు ఎక్కువొచ్చింది.

"దారం కట్టిన మేకు కదిలి ఉండాదన్నా. చూసుకోకుండా పేర్చేసినా. తప్పు నాదే" అని తనే ఇటుకలు పీకడం మొదలుపెట్టాడు.

కంట్రాక్టరు ఎప్పుడు పొమ్మంటాడోనని కొంగు నలిపేస్తున్నాను. అతను ఆ మూల చూసి, "స్లాబు పడినాక తెలిసుంటే చచ్చేవాళ్లం. సాయంత్రానికి మళ్లా లేపు" అనేసి వెళ్లిపోయాడు.

అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు మేస్త్రీ నా వైపు తిరిగాడు.

"సందు మీరూ చూస్తిరి కదా టీచరమ్మా. బిడ్డ సరిగ్గా చెప్తే తప్పని ఎందుకంటిరి?"

"నీ పని పోతుందని..."

"పని ఇంకో చోట దొరకతాదమ్మా. రేపు మీరు చెప్పేది ఆ బిడ్డ నమ్మాల గదా."



మర్నాడు బోర్డు మీద కోణం గీసి, ఇది లంబకోణం అన్నాను. పిల్లలంతా రాసుకున్నారు. ఆ పిల్ల ఒక్కతే లేచింది. మడిచిన కాగితం తెచ్చి నా గీతల మధ్య ఆనించి చూసింది. ఆ పిల్ల తల ఊపేదాకా సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను.